ఏ క్లబ్బు దిక్కు మొగ్గుతున్నరో లెక్క తీసుడెట్ల? పేపర్లు, టీవీ కామెంటరీ సంగతి

హనుమకొండ_బంతి:

హనుమకొండ, కాజీపేట దిక్కు మేము పన్నెండు మందిమి ఫుట్‌బాల్ అభిమానుల ఒక గుంపు. అయిదుగురు స్పెయిన్ క్లబ్బు బార్సా (బార్సిలోనా), నలుగురు అక్కడి రియల్ మాడ్రిడ్, మిగిలిన ముగ్గుర్ల ఇద్దరు కేరళ బ్లాస్టర్స్, ఒకరు బెంగళూరు ఎఫ్‌సీ. పెద్ద మ్యాచ్ అయిన తెల్లారి ఒకటే పంచాయితి. బార్సావాళ్లు "పేపరోళ్లంత మాడ్రిడ్ మనుషులే" అంటరు. మాడ్రిడ్‌వాళ్లు "వీళ్లకు బార్సా తప్ప ఇంకోటి కండ్లకు ఆనది" అంటరు. ఇద్దరూ చూపెట్టేది అదే పేజీ.

మాటలతోని తెగేటట్టు లేదు. అందుకే వచ్చే ఎల్ క్లాసికోకు (బార్సా, మాడ్రిడ్ నడుమ మ్యాచ్) ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు రోజూ లెక్క రాద్దాం అనుకుంటున్నం. మా చేతిల ఉన్నవి రెండు తెలుగు దినపత్రికలు (వరంగల్ ఎడిషన్), ఒక ఇంగ్లిష్ ఈ-పేపర్, రెండు తెలుగు వెబ్‌సైట్లు, టీవీల ఇంగ్లిష్ కామెంటరీ. ఎక్సెల్ అందరికి వస్తది, గణాంకాల శాస్త్రం ఎవరికి రాదు.

ఏం లెక్కపెట్టాలె? వార్తల సంఖ్యనా, సైజా, హెడ్డింగుల మాటలా? ఎంత తేడా ఉంటే మొగ్గు అనాలె? ఇట్లాంటి లెక్కల్ల ఎక్కడ బోర్లపడ్తరు? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.


కాజీపేట_జంక్షన్:

ముందు మీ ప్రశ్నను మూడు ముక్కలు చేసుకోండ్రి. ఎంత చోటు ఇచ్చిన్రు అనేది ఒకటి. ఏ మాట వాడిన్రు అనేది ఇంకోటి. ఏ సంగతి రాయకుండ ఇడిచిపెట్టిన్రు అనేది మూడోది. మూడింటిని కలిపి పదికి ఏడు మార్కులు అని ఒకే అంకె వేస్తే దానికి అర్థమే ఉండదు. దేని గడి దానికే ఉండాలె.

చోటు కొలుచుడు అల్కగ అయ్యే పని. స్కేలు పెట్టి వార్త ఎత్తు సెంటీమీటర్లల్ల కొలువుండ్రి, అది పేజీల ఎన్ని కాలాలు (కాలమ్‌లు) పరుచుకున్నదో దానితోని గుణించుండ్రి. 12 సెంటీమీటర్ల ఎత్తు, 3 కాలాలు అంటే 36. కాలమ్ వెడల్పు పత్రికకు పత్రికకు వేరు ఉంటది గనుక ఆ 36ను నేరుగ పోల్చొద్దు. ప్రకటనలు తీసేసి ఆ రోజు ఆటల పేజీ మొత్తం ఎంతో కొలిచి, దాంట్ల ఇది ఎంత శాతం అన్నది రాయుండ్రి. హెడ్డింగు, ఫొటో, మ్యాటర్ మూడు వేరు వేరు గళ్లల్ల పెట్టుండ్రి. వార్తా ఏజెన్సీ నుంచి మంచి ఫొటో వచ్చిన రోజు ఆ ఫొటోనే సగం చోటు మింగుతది. అది ఫొటో మీద మొగ్గే గాని క్లబ్బు మీద మొగ్గు అనలేం.

ఇగ అందరు బోర్లపడే చోటు ఇది: దేనితోని భాగించాలె అన్నది. ఒక నెలల మాడ్రిడ్ 9 మ్యాచులు ఆడి, బార్సా 7 ఆడితే మాడ్రిడ్‌కు ఎక్కువ చోటు వచ్చుడు సహజం. మొత్తం చోటును మ్యాచుల సంఖ్యతోని భాగించుండ్రి. అది గూడ సరిపోదు. గెలిచినోళ్ల గురించి పెద్దగ రాస్తరు, ఫైనల్ గురించి ఇంకా పెద్దగ రాస్తరు. అందుకని జోడీలు కట్టుండ్రి. బార్సా తన మైదానంల నడిమి స్థానంల ఉన్న క్లబ్బు మీద 3-1తోని గెలిస్తే, మాడ్రిడ్ గూడ అసొంటి క్లబ్బు మీద తన మైదానంల రెండు గోల్స్ తేడాతోని గెలిచిన రోజును వెతికి పక్కపక్కన పెట్టాలె. గెలుపుకు గెలుపు, ఓటమికి ఓటమి, డ్రాకు డ్రా. ఎనిమిది వారాల్ల ఒక్కో పత్రికకు ఆరేడు మంచి జోడీలు దొరికితే ఎక్కువ. తక్కువే అయినా, జోడీ లేని రెండు వందల కొలతల కన్నా అవి పనికొస్తయి.

లెక్క మొదలుపెట్టే తేదీ, ఆపే తేదీ ముందే రాసి అందరి సంతకం తీసుకోండ్రి. కోపం తెప్పించిన హెడ్డింగు చూసి, "ఇయ్యాల్టి నుంచే రాద్దాం" అనుకుంటే ఆ హెడ్డింగు ముందుగాలనే లెక్కల కూసుంటది. మొదలే వంకర అయితది.

వెబ్‌సైట్ల హెడ్డింగులు గంటకోసారి మారుతయి. పొద్దుగాల 8కి, రాత్రి 8కి హోం పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండ్రి, టైం కనపడేటట్టు. ఫోన్ల వచ్చే వార్తల ఫీడు లెక్కకు అస్సలు తీసుకోవద్దు. మీరు దేన్ని నొక్కుతరో అదే మళ్ల చూపెడ్తది. బార్సా అభిమాని ఫోన్ల బార్సాను తిట్టే వార్తలే కుప్పపడ్తయి, ఎందుకంటే కోపానికొచ్చి నొక్కేది అవే. ప్రైవేట్ విండోల సైటు పేరు కొట్టి తెరవాలె.


డెస్క్_రాత్రి:

కొలత సంగతి పైన బాగా చెప్పారు. నేను గడియారం సంగతి చెబుతాను. మన దగ్గర యూరప్ క్లబ్బుల విషయంలో పక్షపాతం అనుకునేదాంట్లో పెద్ద భాగం టైమే.

స్పెయిన్‌లో రాత్రి 9 గంటలంటే వాళ్ల ఎండాకాలపు గడియారం ప్రకారం మనకు 12:30, చలికాలంలో 1:30. మ్యాచ్ ముగిసేసరికి తెల్లవారుజామున రెండున్నరో మూడున్నరో అవుతుంది. అప్పటికి జిల్లా ఎడిషన్ అచ్చయి బండ్లెక్కి ఉంటుంది. అదే స్పెయిన్‌లో సాయంత్రం 4:15 మ్యాచ్ అయితే మనకు 7:45 లేదా 8:45కు మొదలై, పదిన్నర పదకొండు లోపు స్కోరు చేతిలో ఉంటుంది.

రెండు క్లాసికోలు పక్కపక్కన పెట్టండి. 2024 అక్టోబర్ 26న మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబావులో బార్సా 4-0తో గెలిచింది. మనకది 27 తెల్లవారుజాము 12:30కు మొదలైన మ్యాచ్. 2025 అక్టోబర్ 26న అదే మైదానంలో మాడ్రిడ్ 2-1తో గెలిచింది. ఇది మనకు రాత్రి 8:45కు మొదలైంది. మొదటిది మర్నాటి పేపర్లో పట్టే అవకాశం దాదాపు లేదు. రెండోది హాయిగా పడుతుంది. "నాలుగు గోల్స్ కొట్టినా మా వార్త లేదు, వాళ్లు ఒక్క గోల్ తేడాతో గెలిస్తే ఫొటోతో వేశారు" అని బార్సా అభిమాని అనడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. అయినా అది తప్పుడు ఆధారమే. పైగా 2024లో అదే శనివారం పుణెలో న్యూజిలాండ్ చేతిలో మనవాళ్లు టెస్టు ఓడారు. 2012 తర్వాత సొంతగడ్డపై పోయిన తొలి టెస్టు సిరీస్ అది. అలాంటి రోజున ఆటల పేజీలో మిగతా అన్నింటికీ కలిపి మిగిలేది ఒక మూల.

కాబట్టి మీ షీటులో "మన టైం ప్రకారం మ్యాచ్ ముగిసిన వేళ" అని ఒక గడి తప్పకుండా ఉండాలి. రాత్రి 11 దాటాక ముగిసిన మ్యాచ్‌లను వేరే కుప్పగా పెట్టండి. వాటి వార్త ఒక రోజు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి పాతబడి కుదించుకుపోతుంది. వాటికి ఆ రెండో రోజు పేపరే చూడాలి. ఇంకొకటి, రోజూ ఒకే ఎడిషన్ చూడండి. ఒక రోజు వరంగల్ పేజీలు, ఇంకో రోజు హైదరాబాద్ సిటీ ఈ-పేపర్ కొలిస్తే రెండింటి గడువులు వేరు కాబట్టి లెక్క కలవదు.

ఇక మాటలు. యూరప్ మ్యాచ్‌కు తెలుగు పత్రిక తరఫున విలేకరి ఉండడు. పీటీఐ, ఏఎఫ్‌పీ, రాయిటర్స్ లాంటి ఏజెన్సీ ఇంగ్లిష్‌లో పంపింది మన పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్ తెలుగు చేస్తాడు. మ్యాటర్‌లో మొగ్గు ఉంటే అది ఏజెన్సీదో, డెస్క్‌దో విడదీయాలి. అదే మ్యాచ్‌పై రెండు తెలుగు పత్రికలూ, మీ ఇంగ్లిష్ పేపరూ పక్కన పెట్టి చదవండి. వరుస, వివరాలు మూడింట్లోనూ ఒకటే అయితే మూలం ఒకటే. హెడ్డింగు మాత్రం అచ్చంగా డెస్క్‌ది. అందుకే మాటల లెక్క హెడ్డింగుల మీదే చేయండి.

మన ఆటల పేజీకి సొంత క్రియలున్నాయి. 1-0తో గెలిచిన మ్యాచ్‌కు "నెగ్గింది" అనొచ్చు, "చెమటోడ్చి నెగ్గింది" అనొచ్చు, "గట్టెక్కింది" అనొచ్చు, "బతికిపోయింది" అని కూడా అనొచ్చు. స్కోరు ఒకటే. మొదటిది మామూలు మాట. రెండోది కష్టాన్ని మెచ్చుకుంటుంది. మూడో, నాలుగో మాటలు గెలుపును అదృష్టం ఖాతాలో వేస్తాయి. ఓటమికీ అంతే. "ఓడింది", "పోరాడి ఓడింది", "చేజేతులా ఓడింది", "చేతులెత్తేసింది", "చిత్తయింది". పెనాల్టీ దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. "పెనాల్టీ సాధించింది" అంటే ఘనత క్లబ్బుది, "పెనాల్టీ లభించింది" అంటే ఎవరిదీ కాదు, "రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు" అంటే చదివేవాడి చూపు రిఫరీ మీదికి పోతుంది. ఓడిన కోచ్ మాట్లాడితే ఒకరు "అన్నాడు", ఇంకొకరు "వాపోయాడు", మరొకరు "అక్కసు వెళ్లగక్కాడు". ఒకే పత్రిక ఒక క్లబ్బు కోచ్‌కు ఎప్పుడూ "స్పష్టం చేశాడు" రాసి, రెండో క్లబ్బు కోచ్‌కు ఎప్పుడూ "ఆరోపించాడు" రాస్తుంటే అది పట్టుకోదగ్గ విషయం. ఒక్కసారి రాస్తే మాత్రం ఏమీ కాదు. హెడ్డింగుకు అక్షరాలు సరిపోక కూడా మాట మారుతుంది. రెండు కాలాల హెడ్డింగులో "చెమటోడ్చి నెగ్గిన" పట్టదు, "గట్టెక్కిన" పడుతుంది. అందుకే హెడ్డింగు ఎన్ని కాలాలో కూడా రాసుకోమంటున్నాను.


హనుమకొండ_బంతి:

టైం సంగతి మాకు తట్టనే లేదు, మస్తు ఉపయోగపడ్తది. ఒక అనుమానం. హెడ్డింగు మెచ్చుకునేదా, తిట్టేదా అని మార్కు వేసేది మా గుంపే గద? బార్సావాడు వేస్తే ఒకతీరు, మాడ్రిడ్‌వాడు వేస్తే ఒకతీరు వస్తది. బయటి మనిషి కావాల్నా?


జనగామ_లెక్కలు:

బయటి మనిషి అక్కర్లేదు. పేర్లు దాస్తే సరిపోతది. మీ అనుమానం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, దీనిమీద పాత పరిశోధనలు ఉన్నయి.

1951ల అమెరికాల డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కాలేజీల నడుమ ఒక మొరటు మ్యాచ్ జరిగింది (వాళ్ల ఫుట్‌బాల్, మనది కాదు). హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు దాని ఫిల్మును రెండు కాలేజీల పిల్లలకూ చూపెట్టి తప్పులు లెక్కపెట్టమన్నరు. డార్ట్‌మత్ టీం చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ పిల్లలకు సగటున 9.8 కనపడ్డయి, డార్ట్‌మత్ పిల్లలకు 4.3. ఫిల్ము ఒకటే. 1954ల అచ్చయిన పని ఇది. 1985ల స్టాన్‌ఫర్డ్‌ల ఇంకోటి చేసిన్రు. బీరూట్ మారణకాండ మీద ఒకే టీవీ వార్తలను ఇజ్రాయెల్‌ను బలపరిచేటోళ్లకు, అరబ్బులను బలపరిచేటోళ్లకు చూపెడితే ఇద్దరూ "ఇవి మాకు వ్యతిరేకం" అన్నరు. మీ గుంపుల ఒకే పేజీని ఇద్దరు చూపెడ్తున్నరు అన్నరు చూడు, అదే ఇది. ఇంకో ముచ్చట గుర్తుపెట్టుకోండ్రి, ఎక్కువ తెలిసినోళ్లకే ఎక్కువ వ్యతిరేకం కనపడ్డది. కాబట్టి "నాకు ఆట తెలుసు, నేను సరిగ్గనే వేస్త" అనేటోనికి ముందుగాల పేర్లు దాయాలె.

దాచుడెట్లనంటే, హెడ్డింగులన్ని ఒక గూగుల్ షీటుల టైపు చేయుండ్రి. ఈ-పేపర్ నుంచి కాపీ చేస్తే చాలాసార్లు అక్షరాలు పిచ్చి గీతల్లెక్క వస్తయి, అచ్చుకు వాడే ఫాంటు యూనికోడ్ కాకపోతే అట్లనే అయితది. చేత్తోని కొట్టుడే నయం. ఆ తర్వాత క్లబ్బు పేర్ల జాగల "క", "గ" అని మార్చాలె. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. "మాడ్రిడ్‌ను", "మాడ్రిడ్‌పై" అనే మాటల్ల పొల్లు తర్వాత కంటికి ఆనని ఒక గుర్తు కూసుంటది. ఒకరు ఆ గుర్తుతోని, ఇంకొకరు గుర్తు లేకుండ కొడ్తరు. వెతికితే సగం దొరుకతయి, సగం తప్పించుకుంటయి. ముందు సబ్‌స్టిట్యూట్ ఫార్ములాల యూనిచార్ 8204 పెట్టి ఆ గుర్తును మొత్తం తీసెయ్యుండ్రి. తర్వాత బార్సా, బార్సిలోనా, బార్సెలోనా, మాడ్రిడ్, మ్యాడ్రిడ్ అన్ని రూపాలు మార్చుండ్రి. కోచ్, ఆటగాళ్లు, మైదానం, కటలాన్ లాంటి మాటలు గూడ దాయాలె. "యమాల్ మెరుపులు" (బార్సా ఆటగాడు) అని ఉంటే క్లబ్బు పేరు దాచి ఏం ఫాయిద? ఆఖరికి వరసలు కలగాపులగం చేసి, ఏ పత్రికదో తెల్వకుండ ఇవ్వాలె. ఈ పని చేసినోడు మార్కులు వేయొద్దు.

మార్కులు మూడే పెట్టుండ్రి: మెచ్చేది, తిట్టేది, రెండూ కానిది. అయిదు మెట్లు పెడితే కొట్లాట పెరుగుతది గాని సమాచారం పెరగది. ముందు 50 హెడ్డింగులు ఇద్దరు విడివిడిగ వేసి చూడుండ్రి, ఒకరు బార్సావాడు, ఒకరు మాడ్రిడ్‌వాడు. 50ల 41 కలిసినయి అనుకుందాం, అంటే 0.82. ఊకెనే కండ్లు మూసుకొని వేసినా కొన్ని కలుస్తయి గద, ఆ కలిసే వంతు 0.40 అనుకుంటే, 0.82ల నుంచి 0.40 తీసి, ఒకట్ల నుంచి 0.40 తీసిన 0.60తోని భాగిస్తే 0.70 వస్తది. దీన్ని కప్పా అంటరు. 0.70 అయితే పని నడుస్తది. 0.60 కన్నా కిందికి పోతే తప్పు మనుషులది కాదు, నియమాలది. కలవని హెడ్డింగులు ముందట పెట్టుకొని "గట్టెక్కింది తిట్టే మాటనా కాదా" అని ఒక్కో మాటకు నియమం రాసుకొని, కొత్త 50తోని మళ్ల చేయుండ్రి. పాత 50తోనే మళ్ల చేస్తే గుర్తుండి కలుస్తయి.

ఎంత తేడా ఉంటే మొగ్గు అనాలె అని అడిగిన్రు. జోడీలు 20 ఉంటే, అండ్ల 12 సార్లు మాడ్రిడ్‌కు మంచి మాట వచ్చింది అనుకోండ్రి. 12కు 8, గట్టి తేడా అనిపిస్తది. కాని రూపాయి బిళ్లను 20 సార్లు ఎగరేస్తే 12 లేదా అంతకన్న ఎక్కువ బొమ్మలు పడుడు వందల 25 సార్లు జరుగుతది. అది ఏం కాదు. 15 పడితే వందల 2 సార్లే జరిగే ముచ్చట, అప్పుడు నోరు తెరవొచ్చు. ఆరేడు జోడీలతోని ఏ పత్రిక మీద గూడ తీర్పు చెప్పొద్దు. రెండు మూడు నెలలు పొడిగించుండ్రి, లేకుంటే "ఇంకా తెలుస్తలేదు" అని రాసి పెట్టుండ్రి.


గోదావరిఖని_10:

టీవీ గురించి ఎవ్వరు అనలేదు గనుక చెప్తున్న. ముందు ఒకటి తెలుసుకోవాలె, మ్యాచ్ బొమ్మ మనోళ్లు తీసేది కాదు. యూరప్ లీగ్ అయితే అక్కడి నిర్మాణ బృందం పంపే ఫీడే ప్రపంచమంత చూస్తది. కామెంటరీ గూడ ఎక్కువసార్లు దాని ఎంబడే వస్తది. మన ఛానల్ చేతిల ఉండేది మ్యాచ్ ముందు, నడిమిట్ల, అయిపోయినంక స్టూడియో ముచ్చట, ఏ మ్యాచ్ ఛానల్ల వేయాలె, ఏది ఉత్తగ యాప్‌ల పెట్టాలె అనేది. "రీప్లే మల్ల చూపెట్టలేదు, మన ఛానల్ కుట్ర" అని రాసేటోళ్లు తప్పు అడ్రసుకు ఉత్తరం రాస్తున్నట్టే.

ఛానల్ ఎంపిక మాత్రం లెక్కపెట్టదగ్గది. ఇంగ్లాండ్‌ల శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచులు ఆ దేశంల లైవ్ రావు, మనకు వస్తయి. మన టైం 7:30, చలికాలం అయితే 8:30. ఒక్కపారే నాలుగైదు నడుస్తుంటయి. అండ్ల ఏది ఛానల్ మీదికి ఎక్కింది, ఏది యాప్‌లనే ఉండిపోయింది అని ఒక సీజన్ రాస్తే క్లబ్బుల వరస తెలుస్తది. ఇంగ్లాండ్ల ఇది ఉత్త గౌరవం సంగతి కాదు, పైసల సంగతి. అక్కడి దేశీయ టీవీ డబ్బుల సగం 20 క్లబ్బులకు సమానంగ, పావు వంతు పట్టికల స్థానాన్ని బట్టి, ఇంకో పావు ఎన్నిసార్లు లైవ్ చూపెట్టిన్రు అనేదాన్ని బట్టి పంచుతూ వచ్చిన్రు. ఎక్కువ కనపడే క్లబ్బుకు ఎక్కువ పైసలు, ఆ పైసలతోని ఇంకా ఎక్కువ కనపడుడు. నా లెక్కల కామెంటేటర్ ఒక మాట ఎక్కువ తక్కువ అనుడు కన్నా ఇదే పెద్ద మొగ్గు.

కామెంటరీ లెక్క చేయాలంటే మొత్తం 90 నిమిషాలు ఒక్కరే చేయొద్దు, చెవి మొద్దువడ్తది. అయిదు నిమిషాల ముక్కలు చేసి, ఒక్కొక్కరు రెండు ముక్కలు విని ఒక ముక్క ఇడిచి రాయాలె. మెచ్చుకున్నరా అని కాకుండ దేనికి మెచ్చుకున్నరు అని రాయుండ్రి. 2020ల రన్‌రిపీట్ అనే సంస్థ 80 మ్యాచుల ఇంగ్లిష్ కామెంటరీల 2,073 మాటలు తీసి చూసింది. తెల్ల తోలు ఆటగాళ్లకు తెలివి, కష్టపడే గుణం మీద మెచ్చుకోళ్లు ఎక్కువ, నల్ల తోలు ఆటగాళ్లకు బలం, వేగం మీద ఎక్కువ అని తేలింది. ఉత్తగ "మెచ్చుకోలు ఎన్ని" అని లెక్కపెడితే దేనికి మెచ్చుకున్నరు అన్న ఈ తేడా కనపడకపోయేది. క్లబ్బుల విషయంల గూడ అంతే. ఒకరిని "గొప్ప ప్రణాళిక" అని, ఇంకొకరిని "ఆ ఒక్క ఆటగాడు కాపాడిండు" అని మెచ్చుకుంటుంటే అది రాయదగ్గది.

ఫౌల్ సరిగ్గ ఇచ్చిండా లేదా అని మీరు తేల్చుకోవాలంటే మ్యూట్ పెట్టి చూడుండ్రి. 2002ల ఇంగ్లాండ్ల ఒక ప్రయోగం చేసిన్రు. 40 మంది అర్హత ఉన్న రిఫరీలకు లివర్‌పూల్, లీసెస్టర్ మ్యాచ్‌ల 47 ఘటనలు చూపెట్టిన్రు, కొందరికి జనం అరుపులతోని, కొందరికి చప్పుడు లేకుండ. అరుపులు విన్నోళ్లు సొంత మైదానం టీం మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చిన్రు. చదువుకున్న రిఫరీలకే గంత ఫరక్ వస్తే, అరుపు మీద కామెంటేటర్ గొంతు గూడ కలిసినంక మనకెంత వస్తది?


కరీంనగర్_కీపర్:

లెక్కలు అన్నీ బాగున్నాయి గానీ, స్పెయిన్ పత్రికల సంగతి పక్కన పెట్టి తెలుగు పేపర్లలో బార్సా, మాడ్రిడ్ పక్షపాతం వెతకడం సగం పనే. మార్కా, ఆస్ మాడ్రిడ్ పత్రికలు. ముండో డిపోర్టివో, స్పోర్ట్ బార్సిలోనా పత్రికలు. ఎవరు ఏ వైపో అక్కడ పాఠకుడికి తెలిసే కొంటాడు, దాపరికం లేదు. ఇటలీలోనూ అంతే, మిలాన్‌కు గజెట్టా, రోముకు కొరియెరె, ట్యూరిన్‌కు టుట్టోస్పోర్ట్. చిక్కు మన దగ్గరికి వచ్చేటప్పుడు మొదలవుతుంది. మాడ్రిడ్ పత్రిక రాసింది ఇంగ్లిష్ సైటు ఎత్తుకుంటుంది, అక్కడి నుంచి తెలుగు సైటు తీసుకుంటుంది. ఈ మూడు మెట్లు దిగేసరికి "ఫలానా పత్రిక ప్రకారం" అన్న మాట రాలిపోయి, "తెలిసింది" మిగులుతుంది. ఆటగాళ్ల బదిలీ పుకార్లలో ఇది రోజూ జరుగుతుంది. కాబట్టి వెబ్‌సైట్లకు ఒక గడి పెట్టండి: మూలం పేరు రాశారా, రాస్తే అది ఏ ఊరి పత్రిక. పుకారు ఎవరికి లాభం అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక బ్లాస్టర్స్, బెంగళూరు అభిమానులు కూడా మీ గుంపులో ఉన్నారు కాబట్టి, వదిలేసిన సంగతులు ఎలా లెక్కపెట్టాలో చెప్పడానికి 2023 మార్చి 3న ఆ రెండు క్లబ్బుల నడుమ జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్ కంటే మంచి పాఠం లేదు. బెంగళూరులో, అదనపు సమయంలో, బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డంగా గోడ కట్టుకునే లోపే బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. బ్లాస్టర్స్ కోచ్ వుకోమనోవిచ్ జట్టును మైదానం బయటికి పిలిచాడు, మ్యాచ్ బెంగళూరుకు దక్కింది. తర్వాత భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ బ్లాస్టర్స్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా వేసింది. మళ్లీ ఆడించాలన్న బ్లాస్టర్స్ ఫిర్యాదును కొట్టేసింది.

ఆ వారం వార్తలు ఎక్కడ చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆట నియమాల్లో 13వది త్వరగా ఫ్రీకిక్ తీసుకోనిస్తుందని రాశారా? రిఫరీ ఈల కోసం ఆగమని చెబితే అప్పుడు ఆగాలి అన్నదీ రాశారా? రిఫరీ అలా చెప్పాడా లేదా అన్నదే గొడవ మూలమని రాశారా? రెండు క్లబ్బుల మాటలూ వేశారా? ఒక్కోదానికి ఉంది, లేదు అని టిక్కు పెట్టడమే. ఇక్కడ మెచ్చుకున్నారా తిట్టారా అన్న గొడవ లేదు, అభిమాని ఎవరైనా ఒకే జవాబు వస్తుంది. మొదటి సంగతి మాత్రమే రాసిన వార్త బెంగళూరు వైపు, రెండోది మాత్రమే రాసింది బ్లాస్టర్స్ వైపు ఒరుగుతుంది, ఒక్క విశేషణం వాడకుండానే. మీ గుంపు మొదటి పని ఇదే చేయాలని నా అభిప్రాయం. సెంటీమీటర్లు తర్వాత కొలవొచ్చు.

హెడ్డింగులో కర్త ఎవరన్నది చూసి మాత్రం తొందరపడొద్దు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఐఎస్‌ఎల్ హైదరాబాద్ ఎఫ్‌సీ, బ్లాస్టర్స్ ఫైనల్ 1-1 అయి, పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ గెలిచింది. హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ పత్రికకు "కప్పు మనదే" అన్నది సహజమైన వార్త, కొచ్చి పత్రికకు "ఫైనల్లో మూడోసారీ ఓటమి" అన్నది అంతే సహజం. ఊరి పత్రిక ఊరి క్లబ్బును కర్తగా పెట్టడం పక్షపాతం కాదు. కట్టిమణి ఆపిన మూడింటినీ రాయకుండా "మనవాళ్లు వృథా చేశారు" అంటే అప్పుడు ఆలోచించాలి.


హనుమకొండ_బంతి:

నాలుగు ప్రశ్నల పద్ధతి మా అందరికి నచ్చింది, దాంతోనే మొదలుపెడ్తం. హైదరాబాద్ పేరు వచ్చింది గనుక ఇంకోటి అడుగుత. ఆ క్లబ్బు 2025ల ఢిల్లీకి పోయింది, పేరు గూడ మారింది. మన రహీం సాబ్ భారత జట్టు కోచ్‌గ 1951ల, 1962ల ఆసియా క్రీడల బంగారం వచ్చిన నేల, 1950 నుంచి 54 దాకా వరసగ అయిదు రోవర్స్ కప్పులు కొట్టిన సిటీ పోలీస్ టీం ఊరు. ఇయ్యాల మన దిక్కు జిల్లా టోర్నీ అయితే ఒక ఊరి టీం గెలిస్తే ఫొటోతోని వస్తది, ఇంకో ఊరి టీం గెలిస్తే ఒక్క లైను గూడ రాదు. ఇది గూడ మొగ్గేనా? దీన్ని ఎట్ల కొలవాలె?


డెస్క్_రాత్రి:

ఇది కొలవాల్సింది కాదు, సరిచేసుకోవాల్సింది. జిల్లా టోర్నీకి స్టేడియంలో కూర్చొని రాసే విలేకరి చాలా అరుదు. మండల విలేకరికి అదే రోజు రాజకీయ సభ, రోడ్డు ప్రమాదం, మార్కెట్ ధరలు అన్నీ ఉంటాయి. అతనికి ఎవరు ప్రెస్‌నోట్ పంపితే వాళ్ల వార్త పోతుంది. ఒక ఊరి నిర్వాహకులు సాయంత్రం అయిదింటికి పంపి, ఇంకో ఊరివాళ్లు రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో ఫొటో ఒక్కటి పడేస్తే, మొదటివాళ్లదే అచ్చవుతుంది. నిజంగా మొగ్గు ఉందా అని తేల్చాలంటే ముందు రెండు టీంల నోట్లూ ఒకే టైంకు, ఒకే పద్ధతిలో అయిదారుసార్లు వెళ్లాలి. అప్పటికీ ఒకరిదే వస్తుంటే జిల్లా బ్యూరోకు తేదీలతో సహా రాయండి, వింటారు.

నోట్ ఇలా ఉండాలి. మొదటి వాక్యంలో ఎవరు ఎవరిపై ఎంతతో గెలిచారు, ఎక్కడ, ఏ టోర్నీ. రెండో వాక్యంలో గోల్స్ కొట్టిన వాళ్లు, నిమిషాలతో. తర్వాత ఓడిన టీం నుంచి బాగా ఆడిన ఒకరి పేరు. ఇది చాలామంది వదిలేస్తారు, డెస్క్‌కు మాత్రం రెండు వైపులా ఉన్న నోట్ మీద నమ్మకం కలుగుతుంది. ఆ తర్వాత రేపటి మ్యాచ్‌లు, టైం. మొత్తం 80 నుంచి 100 మాటలు. పేర్లు తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్‌లో పంపితే దీర్ఘాలు తప్పుతాయి. "ముఖ్య అతిథి ప్రసంగించారు" అన్న పేరా చివర పెట్టండి, చోటు చాలకపోతే కింది నుంచే కోస్తారు. నోట్‌ను బొమ్మగా కాదు, టైపు చేసిన మెసేజ్‌గా పంపాలి, ఎందుకంటే బొమ్మలోంచి మళ్లీ కొట్టే తీరిక ఎవరికీ ఉండదు.

ఫొటో అడ్డంగా తీయండి, బంతి కనిపించాలి. దండలు, జ్ఞాపికలతో వరుసగా నిలబడ్డది రెండో ఫొటోగా పంపండి. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి, ఫొటోతో పాటే అదే మెసేజ్‌లో ఉండాలి. విడిగా పంపితే రెండూ కలవవు, పేరు తెలియని ఫొటో పేజీ మీదికి ఎక్కదు.